పీజీ సీటు రాలేదు: కర్నూలు, అనంతపురం, కడప యువ వైద్యులకు తర్వాతి దారులు

నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ (ఇంటర్న్‌షిప్) పూర్తిచేసి, కర్నూలు వైద్య కళాశాల నుంచో అనంతపురం ప్రభుత్వ వైద్య కళాశాల నుంచో కడప రిమ్స్ నుంచో పట్టా అందుకుని బయటికి వచ్చిన యువ వైద్యుడికి బంధువుల నుంచి ఎదురయ్యే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒక్కటే: ‘ఒట్టి ఎంబీబీఎస్సేనా?’ పీజీ వైద్య సీట్ల జాతీయ ప్రవేశ పరీక్ష నీట్ పీజీ రాసి, కౌన్సెలింగ్ విడతలన్నీ చూసి, ఎక్కడా సీటు దక్కనివారికి ఈ ప్రశ్న మరింత గట్టిగా తగులుతుంది. అప్పటినుంచి నలుగురూ నాలుగు సలహాలు ఇస్తారు. హైదరాబాదు వెళ్లి హాస్టల్లో ఉండి మళ్లీ చదవమని ఒకరు, పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) చేరిపొమ్మని ఇంకొకరు, అమెరికా పరీక్షలు రాయమని వేరొకరు, అప్పు చేసైనా మేనేజ్‌మెంట్ సీటు తీసుకొమ్మని మరొకరు చెబుతారు. ఈ సలహాల్లో ఏదీ పూర్తిగా తప్పు కాదు, ఏదీ అందరికీ సరిపోదు. ఎందుకంటే సీటు రాలేదనే ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు పరిస్థితులు ఉన్నాయి. తన పరిస్థితి వాటిలో ఏదో తేల్చుకోకుండా తీసుకునే నిర్ణయం వల్ల ఒక్కోసారి రెండు మూడేళ్లు వృథా అవుతాయి.

ముందు లెక్కలు చూద్దాం. కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన వివరాల ప్రకారం 2014కు ముందు దేశంలో 51,348 ఎంబీబీఎస్ సీట్లు ఉండగా 2024 నాటికి అవి 1,12,112కు చేరాయి. పీజీ సీట్లు 31,185 నుంచి 72,627కు పెరిగాయి. పెరుగుదల రెండింటిలోనూ ఉన్నా, మధ్యనున్న ఖాళీ పూడలేదు. దానికి తోడు నీట్ పీజీ రాసేది ఆ ఏడాది చదువు ముగించినవారు మాత్రమే కాదు. కిందటేడాది, అంతకుముందు ఏడాది సీటు రానివారు, వచ్చినా చేరనివారు, విదేశాల్లో చదివి వచ్చినవారు, ప్రభుత్వ సర్వీసులో ఉన్నవారు అందరూ ఒకే పరీక్ష రాస్తారు. 2025 ఆగస్టు 3న జరిగిన పరీక్షకు 2.42 లక్షల మందికి పైగా దరఖాస్తు చేసుకున్నారు. కాబట్టి సీటు రాకపోవడం ఒక విద్యార్థి తెలివితక్కువతనానికి రుజువు కానే కాదు; ఏ ఏడాది చూసినా పరీక్ష రాసినవారిలో సగానికి పైగా ఈ స్థితిలోనే మిగిలిపోతారు.

అయితే ఇదే వ్యవస్థలో ఏటా కొన్ని పీజీ సీట్లు నిండకుండా మిగిలిపోతుంటాయి. వాటిని నింపడానికే 2023 సెప్టెంబరులో నీట్ పీజీ అర్హత కటాఫ్‌ను అన్ని వర్గాలకూ సున్నా పర్సంటైల్‌కు తగ్గించారు, అంటే పరీక్ష రాసిన ప్రతి ఒక్కరూ అర్హులయ్యారు. సీట్లు చాలడం లేదన్న మాట, సీట్లు మిగిలిపోతున్నాయన్న మాట రెండూ ఒకేసారి నిజం కావడం చాలామంది తల్లిదండ్రులకు అర్థం కాదు. కొరత ఉన్నది ప్రభుత్వ ఫీజుతో దొరికే రేడియాలజీ, జనరల్ మెడిసిన్, చర్మవ్యాధులు, పిల్లల వైద్యం, ఆర్థోపెడిక్స్ వంటి క్లినికల్ సీట్లకు. మిగిలిపోయేవి అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, ఫోరెన్సిక్ మెడిసిన్ వంటి విభాగాల సీట్లు, ఇంకా ఫీజు భరించలేనంత ఎక్కువగా ఉన్న ప్రైవేటు, డీమ్డ్ సీట్లు. సీటు రానివారు తమను తాము వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఇక్కడే పుడుతుంది: నాకు అడ్డుపడింది ర్యాంకా, కోరుకున్న విభాగమా, డబ్బా?

ర్యాంకు అడ్డుపడితే మళ్లీ చదవడం ఆలోచించదగిన దారి. విభాగం అడ్డుపడితే, అంటే వచ్చే సీటు ఉన్నా అది కోరుకున్నది కాకపోతే, ఆ విభాగం గురించి నిజంగా తెలుసుకున్నాకే వద్దనుకోవాలి. డబ్బు అడ్డుపడితే ప్రభుత్వ సర్వీసు, డీఎన్‌బీ (ఆసుపత్రుల్లో శిక్షణతో వచ్చే, ఎండీకి సమానమైన పట్టా) అనే రెండు దారులను శ్రద్ధగా చూడాలి. అర్హత మార్కులే రానివారు తమ ఎంబీబీఎస్ పునాదిని నిజాయతీగా సమీక్షించుకోవాలి. అదే పద్ధతిలో ఇంకో ఏడాది చదివితే అదే ఫలితం వచ్చే అవకాశం ఎక్కువ.

కౌన్సెలింగ్ నిజంగా ముగిసిందా?

సీటు రాలేదని నిర్ణయించుకునే ముందు కౌన్సెలింగ్ ఎన్ని చోట్ల జరుగుతుందో తెలుసుకోవాలి. ప్రభుత్వ కళాశాలల పీజీ సీట్లలో సగం అఖిల భారత కోటా కింద ఢిల్లీలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ భర్తీ చేస్తుంది. డీమ్డ్ విశ్వవిద్యాలయాల సీట్లు, డీఎన్‌బీ సీట్లు కూడా దాని చేతిలోనే ఉంటాయి. మిగిలిన సగం ప్రభుత్వ సీట్లను, రాష్ట్రంలోని ప్రైవేటు కళాశాలల కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా సీట్లను విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం భర్తీ చేస్తుంది. రెండింటికీ విడివిడిగా నమోదు చేసుకోవాలి, ఆప్షన్లు విడివిడిగా పెట్టుకోవాలి. రాష్ట్ర కౌన్సెలింగ్ ఒక్కటే నమ్ముకుని, మొదటి విడతలో ఏమీ రాలేదని పుస్తకాలు సర్దుకుని హైదరాబాదు బస్సెక్కినవాళ్లు తమకన్నా తక్కువ ర్యాంకు వచ్చినవారు ఆ తర్వాతి విడతల్లో సీటు పొందడం చూసి బాధపడిన సందర్భాలు ఈ ప్రాంతంలో తక్కువేమీ కావు.

ఆప్షన్లు పెట్టేటప్పుడు జరిగే పొరపాట్లు కూడా సీటును దూరం చేస్తాయి. కర్నూలు, తిరుపతి, విశాఖపట్నం, విజయవాడ దాటి చూడని అభ్యర్థి అఖిల భారత కోటాలో తనకు వచ్చే సీటును కోల్పోతాడు. ఒడిశాలోనో మధ్యప్రదేశ్‌లోనో ఉన్న ప్రభుత్వ కళాశాలలో మూడేళ్లు ఉండటం కష్టమే కావచ్చు, కానీ పట్టా విలువలో తేడా ఉండదు. రిజర్వేషన్ విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. కేంద్ర కోటాకు కేంద్ర నమూనాలో ఉన్న నాన్ క్రీమీ లేయర్ ధ్రువపత్రమే చెల్లుతుంది. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాల) ధ్రువపత్రం కూడా ఆ ఆర్థిక సంవత్సరానికి సంబంధించినదై ఉండాలి. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ, పత్రం సరిగా లేక కోటా పోయి సీటు చేజారితే ఆ ఏడాదిలో ఇంక చేయగలిగిందేమీ ఉండదు.

చివరి విడతల నిబంధనలు కఠినంగా ఉంటాయి. అఖిల భారత కౌన్సెలింగ్‌లో రెండో విడత సీటులో చేరకపోతే డిపాజిట్ పోతుంది. సాధారణ వర్గానికి అఖిల భారత కోటాలో అది 25 వేల రూపాయలు, డీమ్డ్ కళాశాలలకైతే 2 లక్షల రూపాయలు. మూడో విడతలో సీటు పొంది చేరినవారికి తర్వాతి విడతల్లో అవకాశం ఉండదు. మిగిలిన సీట్లకు జరిగే స్ట్రే విడతలో సీటు కేటాయించాక చేరకపోతే డిపాజిట్ పోవడమే కాక తర్వాతి ఏడాది నీట్ పీజీ రాసే అర్హత కూడా పోతుంది. ‘పెట్టి చూద్దాం, వస్తే అప్పుడు ఆలోచిద్దాం’ అనే ధోరణి స్ట్రే విడతలో పనికిరాదు. చేరడానికి సిద్ధంగా ఉన్న సీట్లకే అక్కడ ఆప్షన్లు పెట్టాలి. చేరాక మానేయడం మరింత ఖరీదైన పని. చాలా రాష్ట్రాల్లో సీటు వదిలేస్తే లక్షల రూపాయల బాండు కట్టాలి. డీఎన్‌బీలో చేరి మధ్యలో వదిలేసినవారిని ఆ కోర్సు కాలవ్యవధి పూర్తయ్యేదాకా మరో డీఎన్‌బీ కోర్సులో చేర్చుకోరు.

వద్దనుకున్న విభాగాలు, మరచిపోయిన కోర్సులు

నాన్ క్లినికల్ విభాగాల పట్ల మన ప్రాంతంలో ఉన్న చిన్నచూపు పూర్తిగా న్యాయమైనది కాదని నా అభిప్రాయం. రోగిని చూడాలన్న కోరిక బలంగా ఉన్నవారిని అనాటమీలో చేరమని ఎవరూ బలవంతం చేయకూడదు. కానీ పాథాలజీ, మైక్రోబయాలజీ చదివినవారికి ల్యాబుల్లో, ఆసుపత్రుల్లో నిత్యం పని ఉంటుంది. ఫార్మకాలజీ చదివినవారికి హైదరాబాదు మందుల పరిశ్రమలో క్లినికల్ పరిశోధన ఉద్యోగాలు ఉన్నాయి. సామాజిక వైద్యం చదివినవారు ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమాల్లో, అంతర్జాతీయ సంస్థల్లో పనిచేయగలరు. రాష్ట్రంలో 2023లో నంద్యాలతో సహా ఐదు కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. మొదటి సంవత్సరం తరగతులు నడవాలంటే ముందుగా కావలసింది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ అధ్యాపకులే. నైట్ డ్యూటీలు తక్కువగా ఉండి, సొంత ఊరికి దగ్గర్లో బోధన ఉద్యోగం కోరుకునేవారికి ఇది గౌరవమైన జీవితం. అయినా ఇష్టం లేకుండా, కేవలం ఏడాది వృథా అవుతుందన్న భయంతో చేరితే మాత్రం మూడేళ్ల తర్వాత కూడా మనసు క్లినికల్ వైపే లాగుతుంది.

డీఎన్‌బీని రెండో రకం చదువుగా చూసే అలవాటు కూడా మారాలి. జాతీయ వైద్య పరీక్షల మండలి ఇచ్చే ఈ పట్టా ఎండీ, ఎంఎస్‌లకు సమానమైన స్పెషలిస్టు అర్హత. ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్ల కోర్సు. శిక్షణ పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లో, ట్రస్టు ఆసుపత్రుల్లో, కొన్ని ప్రభుత్వ జిల్లా ఆసుపత్రుల్లో జరుగుతుంది. ఫీజు ప్రైవేటు వైద్య కళాశాలల మేనేజ్‌మెంట్ సీటుతో పోలిస్తే చాలా తక్కువ, స్టైపెండ్ వస్తుంది. అదే మండలి 2020లో రెండేళ్ల డిప్లొమా కోర్సులను కూడా మొదలుపెట్టింది. మత్తు వైద్యం, గైనకాలజీ, పిల్లల వైద్యం, ఫ్యామిలీ మెడిసిన్, కంటి వైద్యం, రేడియాలజీ, ఈఎన్‌టీ, క్షయ, ఛాతీ వ్యాధుల విభాగాల్లో ఇవి ఉన్నాయి. డిప్లొమా పూర్తిచేసినవారు తర్వాత రెండేళ్ల సెకండరీ డీఎన్‌బీ చేయవచ్చు. ఆదోని, కదిరి, ప్రొద్దుటూరు వంటి పట్టణాల్లో కాన్పులు, పిల్లల జ్వరాలు, మత్తు ఇచ్చే పని చూసే వైద్యుల కొరత తెలిసినవారికి ఈ డిప్లొమా విలువ వేరే చెప్పనక్కర్లేదు. డీఎన్‌బీ ఫ్యామిలీ మెడిసిన్ గురించి మన విద్యార్థులు వినడమే తక్కువ. చిన్న పట్టణంలో అన్ని వయసులవారినీ చూసే వైద్యుడిగా స్థిరపడాలనుకునేవారికి దానంత నేరుగా సరిపోయే చదువు ఇంకొకటి లేదు.

ప్రభుత్వ సర్వీసు అనే రెండో వరుస

సీటు రానివారికి నేను అన్నింటికన్నా ముందు చూడమని చెప్పే దారి ప్రభుత్వ సర్వీసు. దీనికి కారణం సేవాభావం ఒక్కటే కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా క్రమబద్ధ నియామకం పొందిన వైద్యుడు నిర్ణీత సర్వీసు పూర్తయ్యాక రాష్ట్ర పీజీ సీట్లలో ప్రభుత్వ వైద్యులకు కేటాయించే ఇన్ సర్వీస్ కోటాకు అర్హుడవుతాడు. అంటే లక్షలమందితో ఒకే వరుసలో నిలబడకుండా, తనలాంటి కొన్ని వందలమందితో పోటీపడే ఇంకో వరుస అతనికి ఏర్పడుతుంది. చదువుకునే కాలంలో సర్వీసు కొనసాగుతుంది, చదివాక తిరిగి ప్రభుత్వంలో పనిచేస్తానని బాండు రాయాలి. ఈ కోటా శాతం స్థిరంగా ఉండదు. 2024లో ప్రభుత్వం క్లినికల్ విభాగాల్లో దాన్ని సగానికి తగ్గించినప్పుడు పీహెచ్‌సీ వైద్యులు సమ్మెకు దిగారు, మరుసటి ఏడాది కూడా ఇదే అంశంపై ఆందోళన జరిగింది. కాబట్టి చేరేముందు ఆ సంవత్సరపు ఉత్తర్వులను చదవాలి, మూడేళ్ల తర్వాత అవే ఉంటాయని అనుకోకూడదు. అయినప్పటికీ, ర్యాంకు కొద్దిలో తప్పిపోతున్న మధ్యస్థాయి విద్యార్థికి దేశంలో ఇంతకన్నా వాస్తవికమైన అవకాశం కనబడదు.

రాష్ట్రంలో ఈ నియామకాలు వైద్య సేవల నియామక మండలి చేపడుతుంది. సాధారణంగా రాతపరీక్ష ఉండదు; ఎంబీబీఎస్ మార్కులే ప్రధానం, పట్టా పొంది గడిచిన సంవత్సరాలకు, కాంట్రాక్టు పద్ధతిలో చేసిన ప్రభుత్వ సేవకు వెయిటేజీ కలుపుతారు. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లలో ‘పాసైతే చాలు, నీట్ పీజీయే ముఖ్యం’ అనుకుని మార్కులను పట్టించుకోనివారు ఇక్కడ నష్టపోతారు. ఇప్పుడు చదువుతున్న విద్యార్థులకు ఈ సంగతి ముందే చెప్పాలి. నోటిఫికేషన్ లేని కాలంలో జాతీయ ఆరోగ్య మిషన్ కింద పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో, సంచార వైద్య వాహనాల్లో కాంట్రాక్టు పోస్టులకు జిల్లా వైద్య ఆరోగ్యశాఖ కార్యాలయాలు దరఖాస్తులు పిలుస్తాయి. కాంట్రాక్టు సేవ ఇన్ సర్వీస్ కోటాకు నేరుగా పనికిరాదు, కానీ క్రమబద్ధ నియామకంలో వెయిటేజీ రూపంలో ఉపయోగపడుతుంది. రెండింటినీ ఒకటిగా భావించి కాంట్రాక్టు ఉద్యోగంలో ఏళ్లు గడిపిన తర్వాత కోటాకు అర్హత లేదని తెలుసుకోవడం చాలా బాధాకరం. అందుకే నియామక పత్రంలో ఏముందో మొదటి రోజే చదువుకోవాలి.

పీహెచ్‌సీ పని తేలిక కాదు. ఆలూరు, పత్తికొండ, రాయదుర్గం, మడకశిర, బద్వేలు వైపు మారుమూల కేంద్రంలో పనిచేసే వైద్యుడు ఉదయం ఓపీ చూసి, టీకాల కార్యక్రమం పర్యవేక్షించి, గ్రామ సందర్శనకు వెళ్లి, యాప్‌లలో వివరాలు నమోదు చేసి, సమీక్ష సమావేశాలకు హాజరవ్వాలి. వేరుశనగ పొలంలో పాము కరిచిన రైతును, పురుగుమందు తాగిన మనిషిని, బీపీ ఎక్కువై తీసుకొచ్చిన గర్భిణిని మొదట చూసేది అతనే. పెద్దాసుపత్రికి పంపాలా, ఇక్కడే నిలబెట్టాలా అన్న నిర్ణయం కొన్ని నిమిషాల్లో అతనే తీసుకోవాలి. హౌస్ సర్జన్సీలో పీజీల వెనుక నిలబడి నేర్చుకోనిది ఇక్కడ ఆరునెలల్లో వస్తుంది. చదువుకు మిగిలే సమయం తక్కువే అన్నది నిజం. కానీ నెల జీతం వస్తూ, ఇంటిమీద భారం పడకుండా, వయసుకు తగిన బాధ్యత మోస్తూ రోజుకు రెండు మూడు గంటలు క్రమంగా చదివినవారు, హాస్టల్ గదిలో పన్నెండు గంటలు కూర్చుని దిగులుతో నాలుగు గంటలే చదివినవారికన్నా వెనకబడతారని చెప్పలేము.

కేంద్ర ప్రభుత్వంలోనూ దారులు ఉన్నాయి. యూపీఎస్సీ ఏటా నిర్వహించే కంబైన్డ్ మెడికల్ సర్వీసెస్ పరీక్షను మన విద్యార్థులు తగినంతగా పట్టించుకోరు. 250 మార్కుల చొప్పున రెండు పేపర్లు, ఆపై 100 మార్కుల ఇంటర్వ్యూ ఉంటాయి. సాధారణ వర్గానికి గరిష్ఠ వయసు 32 ఏళ్లు, కేంద్ర ఆరోగ్య సర్వీసుకు మాత్రం 35 ఏళ్లు. రైల్వేలు, కేంద్ర ఆరోగ్య సర్వీసు, ఢిల్లీ పురపాలక సంస్థల్లో ఉద్యోగాలు దీని ద్వారానే వస్తాయి. సిలబస్ పూర్తిగా ఎంబీబీఎస్‌దే కనుక నీట్ పీజీకి చదివినది ఇక్కడ వృథా పోదు. అనంతపురం జిల్లాలో గుంతకల్లు రైల్వే డివిజన్ కేంద్రం, అక్కడ రైల్వే ఆసుపత్రి ఉన్నాయి. ఆ ఉద్యోగం ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే దూరం వెళ్లనక్కర్లేదు. సైనిక దళాల వైద్య విభాగంలో షార్ట్ సర్వీస్ కమిషన్ (పరిమిత కాలపు అధికారి ఉద్యోగం) ఇంకొక దారి. ఇటీవలి సంవత్సరాల్లో దీనికి అభ్యర్థులను నీట్ పీజీ మార్కుల ఆధారంగానే ఇంటర్వ్యూకు పిలుస్తున్నారు. కెప్టెన్ హోదాతో చేరి, కొన్నేళ్ల తర్వాత సైనిక వైద్య సంస్థల్లో పీజీ చేసే వీలుంటుంది.

మళ్లీ చదవడం

ఒక ఏడాది పూర్తిగా చదువుకే కేటాయించడం తప్పు కాదు. హౌస్ సర్జన్సీ డ్యూటీల మధ్య రాసిన మొదటి పరీక్ష విద్యార్థి అసలు శక్తిని చూపించకపోవచ్చు. ముఖ్యంగా ఇంటర్న్‌షిప్ ముగింపు తేదీకీ పరీక్షకూ మధ్య రెండు మూడు నెలలే దొరికినవారికి రెండో ప్రయత్నం న్యాయంగా అవసరం. నీట్ పీజీతో పాటు ఐఎన్‌ఐ సెట్ కూడా ఉంది. ఎయిమ్స్‌లు, పుదుచ్చేరి జిప్‌మర్, చండీగఢ్ పీజీఐ, బెంగళూరు నిమ్‌హాన్స్ సీట్ల కోసం ఏడాదికి రెండుసార్లు జరిగే ఈ పరీక్ష ద్వారా మంగళగిరి ఎయిమ్స్‌లోనూ సీట్లు వస్తాయి. అంటే చదివే ఏడాదిలో నిజానికి మూడు అవకాశాలు ఉంటాయి. అయితే నీట్ పీజీ తేదీల మీద నమ్మకం పెట్టుకుని జీవితాన్ని పూర్తిగా ఆపేయకూడదు. 2024లో జూన్ 23న జరగవలసిన పరీక్షను ముందురోజు రాత్రి వాయిదా వేసి ఆగస్టు 11న జరిపారు. 2025లో జూన్ పరీక్ష, ఒకే షిఫ్టులో జరపాలన్న సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత ఆగస్టుకు మారింది. పరీక్ష జరిగాక కౌన్సెలింగ్ మరి కొన్ని నెలలు సాగుతుంది. ఏడాది అనుకున్నది ఏడాదిన్నర కావడం ఇప్పుడు మామూలు విషయమైపోయింది.

రెండో ప్రయత్నం తర్వాత కూడా సీటు రాకపోతే, మూడోసారి పని లేకుండా కూర్చుని చదవడాన్ని నేను సమర్థించను. అప్పటికి రోగిని చూసే చెయ్యి తప్పిపోతుంది, ఆత్మవిశ్వాసం తగ్గుతుంది, ఇంట్లో పెళ్లి ఒత్తిడి మొదలవుతుంది. అమ్మాయిల విషయంలో ఈ చివరిది మరీ కఠినంగా ఉంటుంది. కొడుకు మళ్లీ చదువుతానంటే సరేననే కుటుంబం, కూతురు అదే అడిగితే ‘పెళ్లయ్యాక చదువుకోవచ్చులే’ అంటుంది. పెళ్లయ్యాక ఆ చదువు ఎంతమందికి సాగిందో మనందరికీ తెలుసు. కూతురికీ అదే ఏడాది ఇవ్వాలి, ఆ ఏడాదికి అదే ఖర్చు పెట్టాలి.

ప్రైవేటు ఆసుపత్రుల్లో డ్యూటీ డాక్టరుగా చేరి చదువుకోవడం ఎక్కువమంది ఎంచుకునే మధ్యేమార్గం. కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో ఇలాంటి ఉద్యోగాలకు కొదవ లేదు. ఐసీయూలో, అత్యవసర విభాగంలో సీనియర్ వైద్యుడి పర్యవేక్షణ ఉన్నచోట చేరితే అనుభవం నిలుస్తుంది. ఎవరూ లేని రాత్రి వేళ మొత్తం ఆసుపత్రిని ఒక్కడి మీద వదిలేసే చోట చేరకపోవడమే మంచిది. అసలు సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమని అడిగితే ఇవ్వకూడదు. నియామక పత్రం రాతపూర్వకంగా తీసుకోవాలి. తాను చూడని రోగి కాగితాల మీద, తాను చేయని చికిత్స పత్రాల మీద సంతకం పెట్టకూడదు. రేపు వివాదం వస్తే వైద్య మండలి ముందు జవాబు చెప్పవలసింది సంతకం పెట్టినవారే. వృత్తి బాధ్యత బీమా తీసుకోవడం అవసరం.

సొంత ప్రాక్టీసు పెట్టాలనుకునేవారు చట్టాన్ని ముందే తెలుసుకోవాలి. రాష్ట్రంలో ప్రైవేటు అల్లోపతి వైద్య సంస్థల నమోదు, నియంత్రణకు 2002 నాటి చట్టం ఉంది. దాని ప్రకారం చిన్న క్లినిక్ అయినా జిల్లా వైద్య ఆరోగ్యశాఖ వద్ద నమోదు కావాలి, ఆసుపత్రి వ్యర్థాల నిర్వహణకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. స్కానింగ్ చేయాలంటే గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద 2014లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఆరునెలల శిక్షణ, పరీక్ష పూర్తిచేయాలి. పల్లెల్లో జనం మొదట ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లడం, ఆ ఆర్‌ఎంపీలు కమీషన్ ఆశించడం కొత్త వైద్యుడికి ఎదురయ్యే పెద్ద పరీక్ష. వైద్య నీతి నియమావళి రోగులను పంపినందుకు కమీషన్ ఇవ్వడాన్నీ తీసుకోవడాన్నీ నిషేధిస్తుంది. మొదటి రెండేళ్లు రాబడి తక్కువైనా ఆ దారిలోకి దిగని వైద్యుడికే ఊళ్లో పేరు నిలుస్తుంది.

ఇక్కడే ఫెలోషిప్‌ల సంగతి చెప్పాలి. మధుమేహం, కాస్మెటాలజీ, అత్యవసర వైద్యం పేరుతో కొన్ని నెలల కోర్సులను లక్షల రూపాయలకు అమ్మే సంస్థలు సీటు రానివారినే లక్ష్యంగా చేసుకుంటున్నాయి. వీటిలో కొన్ని నైపుణ్యం నేర్పవచ్చు, కానీ జాతీయ వైద్య కమిషన్ గుర్తించని అర్హతతో స్పెషలిస్టునని బోర్డు పెట్టుకునే హక్కు రాదు. వేలూరు సీఎంసీ నడిపే ఫ్యామిలీ మెడిసిన్ దూరవిద్య డిప్లొమా వంటి మంచి కోర్సులు కూడా పని నైపుణ్యం పెంచడానికే గానీ ఎండీకి ప్రత్యామ్నాయం కావు. ప్రజారోగ్యంలో మాస్టర్స్ చేయాలనుకునేవారికి తిరువనంతపురం శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ, చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ నమ్మదగిన చోట్లు. రోగులను చూడటం కన్నా రోగాలు ఎక్కడ ఎందుకు వస్తున్నాయన్నదే ఆసక్తిగా ఉన్నవారికి అవి సరిపోతాయి.

విదేశాల వైపు చూసేవారికి

అమెరికాలో రెసిడెన్సీ (అక్కడి పీజీ శిక్షణ) కోసం వైద్య లైసెన్సు పరీక్ష యూఎస్ఎంఎల్ఈలో స్టెప్ 1, స్టెప్ 2 సీకే పరీక్షలు, ఆంగ్ల భాషా పరీక్ష పూర్తిచేసి ధ్రువీకరణ పొందాక, మార్చిలో సీట్లు కేటాయించే ‘మ్యాచ్’ ప్రక్రియలో పాల్గొనాలి. 2022 జనవరి నుంచి స్టెప్ 1లో మార్కులు ఇవ్వడం మానేసి ఉత్తీర్ణత మాత్రమే చెబుతున్నారు కాబట్టి స్టెప్ 2 స్కోరు, అక్కడి ఆసుపత్రుల్లో అనుభవం, సిఫారసు లేఖల ప్రాధాన్యం పెరిగింది. ఇంత ఖర్చు పెట్టి చేరుకున్న మ్యాచ్‌లో కూడా అమెరికా పౌరులు కాని విదేశీ పట్టభద్రుల్లో 2025లో సీటు దక్కింది దాదాపు 58 శాతం మందికే. మిగిలినవారికి అదే వారంలో ఖాళీ సీట్ల కోసం సోప్ అనే అదనపు ప్రక్రియ ఉంటుంది, గరిష్ఠంగా 45 దరఖాస్తులు పెట్టుకోవచ్చు. అందులోనూ రాకపోతే మరుసటి ఏడాదిదాకా ఆగాలి. ఆ ఏడాదిలో పరిశోధన, రోగులతో పని రెండింటిలో ఏదీ లేకపోతే దరఖాస్తు మరింత బలహీనపడుతుంది, ఎందుకంటే చదువు ముగిసి గడిచిన కాలాన్ని అక్కడి ప్రోగ్రాములు శ్రద్ధగా చూస్తాయి. అలా ఆగిపోయినవారు కర్నూలుకో కడపకో తిరిగి వచ్చి రోగులను చూస్తూ మళ్లీ దరఖాస్తు చేయడంలో చిన్నతనం ఏమీ లేదు. ఖాళీగా అమెరికాలో ఉండటం కన్నా అది మేలు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ ఉద్యోగ వీసా దరఖాస్తుపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించడంతో చాలామందికి శిక్షణ కోసం ఇచ్చే జే1 వీసాయే మిగిలింది. శిక్షణ తర్వాత రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నియమం దానికి ఉంది, అక్కడ వైద్యుల కొరత ఉన్న ప్రాంతాల్లో పనిచేస్తే మినహాయింపు దొరకవచ్చు.

బ్రిటన్ దారి ఇరుకైంది. అక్కడి అర్హత పరీక్ష ప్లాబ్ పాసై రిజిస్ట్రేషన్ పొందినా ఉద్యోగం దొరకని భారతీయ వైద్యులు పెరిగారు. శిక్షణ పోస్టుల్లో స్వదేశీ పట్టభద్రులకు ప్రాధాన్యం ఇస్తామని అక్కడి ప్రభుత్వం 2025 జులైలో తన పదేళ్ల ఆరోగ్య ప్రణాళికలో చెప్పింది. జర్మనీలో స్పెషలిస్టు శిక్షణ జీతంతో కూడిన ఉద్యోగమే అయినా, రోగితో జర్మన్‌లో మాట్లాడగలిగేలా భాష నేర్చుకోవడానికి ఏడాది దాటి పడుతుంది.

చైనా, ఫిలిప్పీన్స్, కిర్గిజ్‌స్థాన్, జార్జియాల్లో చదివి వచ్చినవారి మాట వేరు. వారు ముందు విదేశీ వైద్య పట్టభద్రుల అర్హత పరీక్ష ఎఫ్ఎంజీఈలో 300కు కనీసం 150 మార్కులు తెచ్చుకోవాలి, ఇక్కడ ఇంటర్న్‌షిప్ చేయాలి, రాష్ట్ర వైద్య మండలిలో శాశ్వత నమోదు పొందాలి. ఈ మెట్లు దాటేసరికి వయసు ముందుకు వెళ్లిపోతుంది కనుక నియామక పరీక్షల వయోపరిమితులను వారు ముందే లెక్కేసుకోవాలి.

కుటుంబాలు చేయగలిగిన పని కూడా ఉంది. సీటు రాని పిల్లల ముందు పక్కింటివారి ర్యాంకు ప్రస్తావించకపోవడం, పెళ్లిళ్లకు, పండుగలకు వచ్చి కూర్చోమని బలవంతపెట్టకపోవడం, అప్పు వివరాలు రోజూ గుర్తుచేయకపోవడం చాలా మేలు చేస్తాయి. నిద్ర తప్పి, తిండి మాని, ఎవరితోనూ మాట్లాడని స్థితి వారాల తరబడి సాగితే మానసిక వైద్యుడిని కలవాలి. వైద్యుడే కదా, తనకు తెలియదా అని ఊరుకోకూడదు. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడుతుంది.

ఈ దారుల్లో దేనికైనా గడువు వచ్చిందంటే సాధారణంగా పది పదిహేను రోజులే ఉంటుంది, అప్పుడు పత్రాల కోసం తిరిగితే ఆలస్యమవుతుంది. కౌన్సెలింగ్ నడుస్తుండగానే రాష్ట్ర వైద్య మండలి శాశ్వత నమోదు పత్రం, ఇంటర్న్‌షిప్ పూర్తి ధ్రువపత్రం, అన్ని సంవత్సరాల ఎంబీబీఎస్ మార్కుల జాబితాలు, కేంద్ర, రాష్ట్ర నమూనాల్లో కుల ధ్రువపత్రాలు, స్థానికత నిరూపణకు నాలుగో తరగతి నుంచి పదో తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు ఒక చోట చేర్చి పెట్టుకోవాలి. వీటిలో ఎక్కువ ఆలస్యమయ్యేది స్టడీ సర్టిఫికెట్లే. చిన్నప్పుడు చదివిన ప్రైవేటు పాఠశాల మూతపడి ఉంటే ఆ రికార్డులు ఎక్కడున్నాయో మండల విద్యాధికారి కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి, దానికే వారాలు పట్టవచ్చు కనుక ఆ పని అన్నింటికన్నా ముందు మొదలుపెట్టాలి.